నా చేత్తో కట్టుకున్న జెల్ స్కానర్: ఏడు నెలల అనుభవం

ఒకే జెల్‌ను మూడుసార్లు ఫొటో తీశాను. మూడుసార్లూ మూడు రకాల లెక్కలు వచ్చాయి. నా పరిశోధన మొత్తం ఆ లెక్కల మీదే నిలబడాలి. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

నేను చూస్తున్నది ఒక ప్రోటీన్ కణంలో ఎంత త్వరగా నశిస్తుందో. సున్నా నిమిషానికి, 15కి, 30కి, 60కి, 120కి శాంపిల్ తీసి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ కలిపి వేడి చేసి, పాలీఅక్రిలమైడ్ జెల్‌లో పక్కపక్క లేన్లలో నడిపిస్తాను. జెల్ ఒక జల్లెడలాంటిది. కరెంటు లాగుతుంటే చిన్న ప్రోటీన్లు ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. 1970లో లెమ్లీ అనే శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతినే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నాం. తర్వాత కూమసీ బ్లూ అనే రంగు పట్టిస్తే ప్రోటీన్ ఉన్నచోట నీలి గీత తేలుతుంది. దాన్నే బ్యాండ్ అంటాం. నా జెల్‌లో ఆ బ్యాండ్ ఎడమ నుంచి కుడికి పలచబడుతూ పోతుంది. పలచబడిందని కన్ను చెబుతుంది. సగానికి తగ్గడానికి 40 నిమిషాలు పట్టిందా, 55 పట్టిందా అన్నది కన్ను చెప్పలేదు.

అనుమానం తీర్చుకోవడానికి తెలిసిన కొలతలతో ఒక జెల్ పోశాను. కొలతలకు మామూలుగా వాడే బీఎస్‌ఏ అనే ప్రోటీన్ 4, 2, 1, 0.5, 0.25 మైక్రోగ్రాములు. ఫొటోలో చూస్తే 4 మైక్రోగ్రాముల బ్యాండ్ 2 మైక్రోగ్రాముల దానికంటే 1.4 రెట్లే ఎక్కువ ఉంది. కెమెరా ప్రతిసారీ ఎక్స్‌పోజర్ మార్చుకుంటుంది. కంటికి ఇంపుగా ఉండాలని వెలుగునీడల్ని తనకు తోచినట్టు సర్దుతుంది. కింద పెట్టిన లైట్ బాక్స్ మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ వెలుగుతుంది. కాగితాల స్కానర్ మీద కూడా ప్రయత్నించాను. అది వెనక్కి తిరిగొచ్చే వెలుతురును కొలుస్తుంది, నాకు కావలసింది జెల్‌లోంచి అవతలికి దాటే వెలుతురు.

మా ల్యాబ్ అల్మరాలో బ్యాండ్ల ముదురును కొలిచే పాత యంత్రం, డెన్సిటోమీటర్, ఒకటి పాడైపోయి ఉండేది. మేడమ్ అనుమతి తీసుకుని విప్పాను. లోపల ఒక దీపం, ఒక సన్నని చీలిక, దాని కింద జెల్‌ను జరిపే మోటారు, అవతల వెలుతురును కొలిచే ట్యూబ్. ఇంతే. ఇది నేను కట్టగలను అనిపించింది. రెండు నెలల్లో అయిపోతుందనుకున్నాను, ఏడు నెలలు పట్టింది.

సూత్రం సులువే. ఖాళీ గాజులోంచి ఎంత వెలుతురు దాటింది, బ్యాండ్‌లోంచి ఎంత దాటింది అన్న నిష్పత్తికి లాగరిథమ్ తీస్తే ఆప్టికల్ డెన్సిటీ వస్తుంది. ఓడీ 1 అంటే పదో వంతు వెలుతురు దాటింది, 2 అంటే నూరో వంతు, 3 అంటే వెయ్యో వంతు. ప్రోటీన్ ఎంత ఉందో చెప్పేది ఓడీయే. ఫొటోలో కనిపించే నలుపు శాతాన్ని దానికి బదులు వాడితే లెక్క తప్పుతుంది. ఈ తేడా నాకు ముందే తెలిసి ఉంటే ఫొటోల మీద అన్ని వారాలు పోగొట్టుకునేదాన్ని కాదు.

మొదట తేల్చుకోవాల్సింది ఏది కదలాలి అన్నది. దీపం, సెన్సర్ రెండూ కలిసి జెల్ మీదుగా పోవచ్చు, లేదా అవి కదలకుండా జెల్ పెట్టిన పళ్ళెమే జరగొచ్చు. దీపం, వెలుతురును సన్నగా వదిలే పిన్‌హోల్, సెన్సర్ ఒకే గీతలో ఉండాలి, ఒకసారి సరిచేశాక ఇక ముట్టుకోకూడదు. అందుకే పళ్ళేన్నే జరపాలనుకున్నాను. ఇప్పటికీ అది సరైన నిర్ణయమనే అనుకుంటున్నాను.

రెండు దిశల్లో రెండు స్టెప్పర్ మోటార్లు. ఒక్కో చుట్టుకు 200 స్టెప్పులు. ఒక చుట్టు తిరిగితే 2 మి.మీ. ముందుకు నడిపే లీడ్ స్క్రూ. అంటే ఒక పూర్తి స్టెప్పుకు 10 మైక్రాన్లు. మోటారును నడిపే డ్రైవర్ బోర్డులో ఒక్కో స్టెప్పును 16 మైక్రోస్టెప్పులుగా విడగొడితే కాగితం మీద 0.625 మైక్రాన్లు. ఈ అంకె చూసి చాలా సంబరపడ్డాను. నిజానికి మైక్రోస్టెప్పులు మోటారును నున్నగా తిప్పడానికి బాగా పనికొస్తాయి కానీ, ప్రతి మైక్రోస్టెప్పు దగ్గరా పళ్ళెం సరిగ్గా అక్కడే ఆగుతుందన్న హామీ లేదు. పైగా నా బ్యాండ్ మందం దాదాపు ఒక మిల్లీమీటరు. 0.1 మి.మీ.కి ఒక కొలత తీస్తే బ్యాండ్ మీద పది బిందువులు పడతాయి, అది చాలు. 0.625 మైక్రాన్ల కోసం మూడు వారాలు ప్రోగ్రామ్ రాస్తూ కూర్చోవడం దండగ.

తర్వాత లెక్క వేసుకుంటే గుండె జారింది. జెల్ 80 మి.మీ. పొడవు, 90 మి.మీ. వెడల్పు. పొడవునా 0.1 మి.మీ.కి ఒక బిందువు, అడ్డంగా 0.5 మి.మీ.కి ఒక గీత అంటే 800 బిందువులు, 180 గీతలు. మొత్తం 1,44,000 కొలతలు. ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు ఇచ్చినా 48 నిమిషాలు. అంతసేపు తడి జెల్‌ను బయట పెడితే అంచుల నుంచి ఎండిపోతుంది, ఎండితే ముడుచుకుంటుంది, ముడుచుకుంటే బ్యాండ్ చోటు మారుతుంది. 20 మిల్లీసెకన్లను తగ్గించడానికీ లేదు. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక పూర్తి చక్రానికి పట్టే సమయం అది. అంతసేపు సగటు తీస్తే కరెంటు తీగల నుంచి సెన్సర్‌లోకి దూరే రొద దానంతటదే రద్దవుతుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట అయితే 16.7 మిల్లీసెకన్లు.

సమయం మిగుల్చుకుందామని ఒక గీత కిందికి, తర్వాతి గీత పైకి వచ్చేటప్పుడే కొలిచేలా రాశాను. ఎద్దుతో దుక్కి దున్నినట్టు. మొదటి పూర్తి చిత్రం తెర మీద వచ్చినప్పుడు ఎంతో ఆశగా చూశాను. బ్యాండ్లన్నీ రంపం పళ్ళలా ఉన్నాయి. ఒక గీతలో బ్యాండ్ ఒకచోట, పక్క గీతలో పావు మిల్లీమీటరు పైన.

వర్క్‌షాప్‌లో పనిచేసే పెద్దాయనకు చూపించాను. ఆయన తెర వైపు చూడను కూడా లేదు. పళ్ళేన్ని చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ కొద్దిగా ఊపి, "నట్‌లో ప్లే ఉంది తల్లీ. ఎప్పుడూ ఒకవైపు నుంచే రా" అన్నారు. డయల్ గేజ్ పెట్టి చూస్తే లూజు 0.15 మి.మీ. మోటారు దిశ మారినప్పుడల్లా స్క్రూ అంత మేర తిరుగుతుంది గానీ పళ్ళెం కదలదు. స్ప్రింగ్‌తో రెండు ముక్కలుగా ఉండే నట్ వేశాక గేజ్‌లో ఆ లూజు దాదాపు పోయింది. కానీ రంపం పళ్ళు పూర్తిగా పోలేదు. ఇంకా 0.1 మి.మీ. తేడా మిగిలింది.

ఆ 0.1 మి.మీ. నన్ను పది రోజులు తిప్పింది. నట్ మార్చాను, బేరింగులు బిగించాను, పట్టాలు తుడిచాను. తప్పు ఇనుములో లేదు, నా ప్రోగ్రామ్‌లో ఉంది. పళ్ళెం ఆగకుండా సెకనుకు 5 మి.మీ. వేగంతో పోతుంటే 20 మిల్లీసెకన్లలో 0.1 మి.మీ. జరుగుతుంది. నేను ఆ సగటు విలువకు సగటు మొదలైన చోటును రాసుకుంటున్నాను. నిజానికి అది మధ్య బిందువుది. కిందికి పోయేటప్పుడు 0.05 ఒకవైపు, పైకి వచ్చేటప్పుడు 0.05 రెండోవైపు, కలిపి సరిగ్గా 0.1. ఒక్క వరుస సరిచేస్తే బ్యాండ్లు తిన్నగా నిలబడ్డాయి. అయినా పెద్దాయన మాటే పాటించాను. ఇప్పుడు ఒకే దిశలో కొలుస్తుంది, ఖాళీగా వెనక్కి వస్తుంది. జెల్ మొత్తం కాకుండా పది లేన్లలో ఒక్కోదాని నడిమి భాగంలో ఐదు గీతలే తీస్తుంది. తిరుగు ప్రయాణాలతో కలిపి 20 నిమిషాల్లో అయిపోతుంది. లేన్ అంచుల్లో బ్యాండ్ ఎలాగూ వంగి ఉంటుంది, అక్కడి లెక్క నాకు అక్కర్లేదు.

"ముందు ఖాళీ గాజు స్కాన్ చేసి చూపించమ్మా. అది తిన్నగా వచ్చాకే జెల్ పెట్టు" అని మేడమ్ మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. నేను జెల్ చూడాలన్న ఆత్రంలో వాయిదా వేశాను. చేశాక తెలిసింది ఆ మాట విలువ. ఏమీ లేని గాజు మీద సన్నని అలలు వచ్చాయి, సరిగ్గా 2 మి.మీ.కి ఒకటి చొప్పున. స్క్రూ ఒక చుట్టుకు నడిచే దూరమూ 2 మి.మీ.లే. అంటే స్క్రూ కొద్దిగా వంకరగా తిరుగుతూ ప్రతి చుట్టుకూ పళ్ళేన్ని వెంట్రుకవాసి ఎత్తి దించుతోంది. మోటారుకూ స్క్రూకూ మధ్య గట్టి కప్లింగ్ తీసేసి వంగే కప్లింగ్ పెట్టాను. నట్‌ను పళ్ళేనికి బిగించేయకుండా, నెట్టే దిశలో తప్ప మిగతా దిశల్లో కొంచెం స్వేచ్ఛగా ఉండేలా అమర్చాను. పట్టాలు పళ్ళేన్ని తిన్నగా నడపాలి, స్క్రూ నెట్టాలి, అంతే. రెండూ కలిసి దారి చూపించబోతే పోట్లాడుకుంటాయి. అలలు పోయాయి.

ఇక్కడికి నాలుగు నెలలు. మోటార్ల సంగతి అయిపోయింది, ఇక అంతా సులువే అనుకున్నాను. అసలు కష్టం వెలుతురుతో మొదలైంది.

ప్రోటీన్‌కు అంటుకున్న కూమసీ 590 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుతురును బాగా పీల్చుకుంటుంది. అందుకే తెల్ల దీపం వదిలేసి 590 నానోమీటర్ల యాంబర్ ఎల్ఈడీ పెట్టాను. అది వేడెక్కినకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఈ రంగు ఎల్ఈడీల్లో ఆ గుణం మరీ ఎక్కువ. ఆన్ చేసిన మొదటి అరగంటలో నా దీపం 3 శాతం మసకబారింది. 3 శాతమంటే 0.013 ఓడీ. వినడానికి చాలా తక్కువ. కానీ 120 నిమిషాల లేన్‌లో నా బ్యాండ్ ఎత్తు 0.02 ఓడీ మాత్రమే! మొదటి లేన్‌కూ చివరి లేన్‌కూ మధ్య దీపమే మారిపోతే నేను కొలిచింది ప్రోటీన్‌నా, దీపాన్నా? ఇన్నాళ్ళూ వెనక్కి తిరిగి చూసుకోకుండా పోగుచేసిన స్కాన్లన్నీ ఆ రోజు పక్కన పెట్టేశాను. చాలా బాధేసింది.

ఎల్ఈడీకి స్థిరమైన కరెంటు ఇచ్చే సర్క్యూట్, వెనకాల వేడిని లాగే అల్యూమినియం ముక్క పెట్టాను. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది రెండో సెన్సర్. దీపం ముందు మైక్రోస్కోప్ కవర్‌స్లిప్ ఒకటి 45 డిగ్రీల వాలులో నిలబెడితే కొంచెం వెలుతురు పక్కకు తిరుగుతుంది. దాన్ని రెండో సెన్సర్ కొలుస్తుంది. జెల్ దాటిన వెలుతురును ప్రతిసారీ దీంతో భాగిస్తాను. దీపం తగ్గితే రెండూ తగ్గుతాయి, నిష్పత్తి కదలదు. 1948లో నోబెల్ అందుకున్న టిసేలియస్ పని గురించి చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆయనకు జెల్ లేదు, రంగు లేదు, ద్రవంలో కదిలే ప్రోటీన్ల సరిహద్దుల్ని కాంతి వంగే తీరును బట్టి పట్టుకున్నారు. కరెంటుతో ప్రోటీన్లను విడదీసే ఈ పద్ధతిలో, అంటే ఎలక్ట్రోఫోరెసిస్‌లో, కాంతిని సరిగ్గా పట్టుకోవడం మొదటి నుంచీ సగం పని.

తర్వాతి అడ్డంకి అంకెలది. నేను వాడిన చిన్న బోర్డులో సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం, ఏడీసీ, 10 బిట్లది, అంటే 1024 మెట్లు. ఖాళీ గాజు 1000 మెట్ల దగ్గర ఉందనుకుంటే ఓడీ 1 వద్ద 100 మెట్లు, ఓడీ 2 వద్ద 10 మెట్లే మిగులుతాయి. అక్కడ ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే పది శాతం తప్పు. ముదురు బ్యాండ్ల శిఖరాలు ఎందుకు చదునుగా తెగిపోతున్నాయో అప్పుడు అర్థమైంది. విడిగా దొరికే 16 బిట్ల ఏడీసీ, ఏడీఎస్ 1115, తగిలించాను. అది సెకనుకు 860 కొలతలు ఇస్తుంది. 20 మిల్లీసెకన్లలో రెండు సెన్సర్లకూ ఎనిమిదేసి చొప్పున సరిపోతాయి.

అయినా ఓడీ 3 ఉన్న గాజు ఫిల్టర్ పెడితే నా యంత్రం 2.1 అంటోంది. 2.1 అంటే వెయ్యిలో ఎనిమిది వంతుల వెలుతురు వస్తోంది. రావలసింది ఒక్క వంతు. మిగతా ఏడు వంతులు ఫిల్టర్ లోపల్నుంచి కాకుండా పక్కల నుంచి దొంగదారిన వస్తున్నాయి. పెట్టె లోపలంతా మెరుపు లేని నల్లరంగు వేశాను. సెన్సర్ మీద నల్ల గొట్టం దించి, దాని మూతి జెల్‌కు దాదాపు ఆనేలా పెట్టాను. డ్రైవర్ బోర్డు మీద వెలిగే చిన్న లైటుకు నల్ల టేపు వేశాను. 2.8కి వచ్చింది.

కానీ ఒక వింత మిగిలింది. పళ్ళెం ఒక చివరకు చేరినప్పుడు మాత్రమే చీకటి కొలత పెరుగుతోంది. దీపం ఆర్పేసినా పెరుగుతోంది. రెండు రోజులు పెట్టె అతుకులన్నీ వెతికాను. చివరికి దొరికింది ఆ చివరన పళ్ళేన్ని గుర్తుపట్టడానికి నేనే పెట్టిన ఆప్టికల్ స్విచ్. అందులో ఉండేది ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ. నా కంటికి కనిపించదు, సిలికాన్ సెన్సర్‌కు మాత్రం పట్టపగలులా కనిపిస్తుంది. దాన్ని తీసేసి టక్కుమని నొక్కుకునే మామూలు లిమిట్ స్విచ్ పెట్టాను. ఇలాంటిది కట్టాలనుకునే వాళ్ళు సెన్సర్ పెట్టెలోకి ఇన్‌ఫ్రారెడ్ దేన్నీ రానివ్వకండి.

మోటారు తీగలూ సెన్సర్ తీగలూ ఒకే కట్టలో కట్టడం ఇంకో పొరపాటు. డ్రైవర్ కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తుంది, ఆ రొదంతా సెన్సర్ తీగలోకి ఎక్కింది. తీగలు విడదీసి, సెన్సర్‌కు షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, పవర్ సప్లై వేరు చేస్తే తగ్గింది.

జెల్ కూడా ఊరికే ఉండే వస్తువు కాదు. మెథనాల్ ఉన్న ద్రావణంలో ముడుచుకుంటుంది, నీళ్ళలో ఉబ్బుతుంది. అందుకే స్కాన్‌కు ముందు ప్రతి జెల్‌నూ ఒకే ద్రావణంలో ఒకే సమయం నానబెడతాను. రెండు గాజు పలకల మధ్య పెడితే ఎండిపోదు, కానీ బుడగ ఒక్కటి చిక్కుకుందంటే దాని అంచు వెలుతురును చెదరగొట్టి నల్లటి వలయంలా కనిపిస్తుంది. ఒక మూల నుంచి నెమ్మదిగా దించితే బుడగలు రావు. పళ్ళెం ఒక్కసారిగా బయల్దేరినా, ఆగినా జెల్ గాజు మీద జారుతుంది, కాబట్టి వేగం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేలా చేశాను. రంగు కడిగే ద్రావణంలోని అసిటిక్ ఆమ్లం కారి ఒక ఉక్కు పట్టాకు తుప్పు పట్టించింది. పట్టా మార్చి, పళ్ళెం కింద కారినది పట్టే తొట్టె అమర్చాను.

అన్నీ అయ్యాక బీఎస్‌ఏ జెల్ మళ్ళీ పెట్టాను. 0.25 నుంచి 2 దాకా చక్కటి సరళరేఖ. 4 మైక్రోగ్రాముల బ్యాండ్ మాత్రం 2 దానికి రెండు రెట్లు రాలేదు, 1.7 రెట్లే. మళ్ళీ ఏదో తప్పిందని చేతులు చల్లబడ్డాయి. గాజు ఫిల్టర్లు మళ్ళీ ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. 0.3, 0.6, 1, 2, అన్నీ సరిగ్గా చదువుతోంది. ఆ బ్యాండ్ శిఖరం ఓడీ 2 కూడా దాటలేదు. యంత్రం తప్పు లేదు. అంత ఎక్కువ ప్రోటీన్ ఒకేచోట ఉంటే రంగు ఆ నిష్పత్తిలో పట్టదు, అంతే. అప్పటి నుంచీ 2 మైక్రోగ్రాములు దాటి ఎప్పుడూ పోయడం లేదు. ప్రతి జెల్‌లోనూ మూడు లేన్లు తెలిసిన కొలతలకే వదిలేస్తున్నాను, లేన్లు తగ్గుతాయని నాతో పనిచేసే వాళ్ళు విసుక్కున్నా సరే.

ఒకే జెల్‌ను పదిసార్లు తీసి, పెట్టి స్కాన్ చేస్తే బ్యాండ్ వైశాల్యం ఒక శాతం లోపు తేడాతో వచ్చింది. అదే శాంపిల్‌ను మూడు లేన్లలో పోస్తే తేడా 8 శాతం. అది నా పిపెట్‌ది, నా చేతిది. కెమెరా ఫొటోల్లో ఇది బయటపడే వీలే లేదు, ఎందుకంటే అక్కడ కొలతలోని తప్పు దీన్ని మింగేసేది. అందుకే ఇప్పుడు ప్రతి శాంపిల్‌నూ మూడుసార్లు పోస్తున్నాను, ఒక జెల్‌లో పట్టకపోతే ఇంకొన్ని జెల్స్ నడుపుతున్నాను.

పోయిన నెల 0 నుంచి 120 నిమిషాల ప్రయోగాన్ని మొదటి నుంచి మళ్ళీ చేశాను. మూడు విడతల్లో నా ప్రోటీన్ సగానికి తగ్గడానికి పట్టిన సమయం 44, 47, 51 నిమిషాలు. ఫొటోల నుంచి ఏడాది కిందట నేను రాసుకున్న అంకె 70. మేడమ్ మూడు అంకెలూ, గాజు ఫిల్టర్ల రికార్డూ, ఖాళీ గాజు స్కాన్లూ వరుసగా చూసి, పాత అంకె ఉన్న పేజీని నా చేతే కొట్టేయించారు. ఆ పక్కనే కొత్తవి రాశాను. వచ్చే వారం నుంచి మిగతా రెండు ప్రోటీన్లు మొదలుపెడుతున్నాను.